జోడు కుదిర్చే ఆయప్ప

మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ ఎక్కడైనా వాకబు చేసుకోండి. రెండు తెల్లగుర్రాలను ఒకే బండికి కట్టి, మదనపల్లె బెంగుళూరు బస్టాండు రద్దీలో, బ్యాండుమేళం హోరులో, పటాసుల పొగలో ఒంటిచేత్తో పగ్గాలు పట్టి తోలినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండో చేత్తో మీసం దువ్వుకున్నాను. దానికి వీడియో కూడా ఉంది. నమ్మనివాళ్లు మా ఇంటికి వస్తే కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాను.

ఈ మాట నేను చాలా పెళ్లిళ్లలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బస్టాండులో రద్దీ కాస్త పెరిగింది. మొదట్లో ఒక బస్సు అడ్డం వచ్చేది. తర్వాత టమేటాల లారీ ఒకటి వచ్చి చేరింది. పోయిన నెల కుప్పంలో ఒక పెళ్లి పంక్తిలో కూర్చుని చెబుతున్నప్పుడు ఆ లారీకి బ్రేకులు కూడా పోయాయి. సరిగ్గా అక్కడ, నేను గుర్రాలను పక్కకు మళ్లించబోతుండగా, ఎదురు వరసలో అన్నం కలుపుకుంటున్న పుంగనూరు ఉలవల వ్యాపారి తలెత్తాడు.

"ఆయప్ప పోయినాడు గదా, నీకు తెలీదా?" అన్నాడు.

ఏ ఆయప్ప అని నేను అడగలేదు. మా వైపు వయసున్న మగమనిషి ఎవరైనా ఆయప్పే. అయినా గుర్రాల మాట నడుస్తున్నప్పుడు ఆయప్ప అంటే ఒక్కడే. లారీని బ్రేకులు లేకుండానే అక్కడ వదిలేశాను. పక్కనున్నవాళ్లు తర్వాతేమైందని అడిగారు. ఏమీ కాలేదన్నాను. ఆ కథ చెప్పడం మొదలుపెట్టినప్పటినుంచి నా నోట వచ్చిన మొదటి నిజం అదేనేమో.

ఆయప్ప పేరు నాకు తెలుసు. రాయను. పేరుతో పిలిస్తే ఆ మనిషి పలికేవాడు కాదు. పేరు గుర్రానికి కావాలి, పిలిస్తే రావాలి కాబట్టి. నేను యాడికీ రాను, నాకు పేరెందుకు అనేవాడు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఎక్కువ చెబితే అది కూడా పెరుగుతుంది. మాది తంబళ్లపల్లె పక్కన మెట్టపల్లె. చెనిక్కాయల సేద్యం. వానలు ఎగ్గొట్టిన కాలంలో మదనపల్లె చేరి శామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే అంగడి పెట్టుకున్నాను. మా నాయన ఎద్దులు తోలడంలో పేరున్నవాడు. పొలంతోపాటు ఆ పేరు కూడా నాకు వాటాగా వచ్చిందని నా నమ్మకం.

కొన్నేళ్ల కిందట మా మనవరాలికి కుప్పం సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు తాత పట్టుగూళ్ల వ్యాపారి. నిదానంగా మాట్లాడతాడు, నిదానంగా పొడుస్తాడు. నిశ్చితార్థం నాడు ఆయన పెళ్లికొడుకు మెరవణికి పూలకారు మాట్లాడతామన్నాడు. సరేనని నేను ఒక్క మాట అని ఉంటే ఇంత కథ లేదు. కారెందుకు, జోడు గుర్రాల బండి కడదాం, నేనే తోలుకొస్తాను అన్నాను. అప్పటికి నా దగ్గర బండీ లేదు, గుర్రమూ లేదు, తోలడం అసలే రాదు.

"ఎద్దులు తోలినోళ్లకు గుర్రాలు యాడ లొంగుతాయప్పా," అన్నాడాయన.

హాలంతా నవ్వింది. మనవరాలు కూడా నవ్వింది. అది నాకు తగిలింది. లేచి నిలబడి మీసం పందెం కట్టాను. పెళ్లికొడుకును జోడు గుర్రాల బండిలో కళ్యాణమండపం గుమ్మం దాకా తేలేకపోతే, అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుని సగం మీసం తీయించుకుంటానన్నాను. వెనకనుంచి మా ఇంటామె, ఈ మనిషికి ఉండేదే అదొకటి అని పెళ్లివారికి వినిపించేంత గట్టిగా తనలో తాను అనుకుంది.

గుర్రాలను ఎద్దులను కొన్నట్టే కొన్నాను. రంగు చూశాను, ఎత్తు చూశాను, ఒంటి మీద సుడులు చూశాను. ఆడగుర్రం మదనపల్లెలోనే దొరికింది. ఒంటిగుర్రం పెళ్లిబండి నడిపి మానుకున్న మనిషి అమ్మాడు. బ్యాండుమేళాలు విని విని విసుగెత్తిన గుర్రం, నెమ్మదస్తురాలు. మగది గుడుపల్లె అవతల ఒక తోటలో ఉండింది. ఈడు మీద ఉంది, నిలబడ్డచోట కాలు నిలవదు. అదీ కుప్పం వైపు నుంచి వచ్చింది కాబట్టి మా ఇంటామె దానికి అల్లుడు అని పేరుపెట్టింది. దాని పక్కన ఆడగుర్రం అక్క అయింది. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే ఉతికి ఆరేసిన పంచెల చాపులా ఉన్నాయి. చూసుకుని మురిసిపోయాను.

తర్వాత వడ్రంగి చేత కాడి చేయించాను. అవును, కాడే. ఎద్దుల మెడ మీద పెట్టేది. ఎర్రరంగు, పచ్చరంగు వేయించి, ఇత్తడి గజ్జెలు కట్టించాను. ఎద్దు మెడతో లాగుతుంది, గుర్రం రొమ్ముతో లాగుతుంది అన్న సంగతి తెలుసుకోవలసిన అవసరం మా వంశంలో అంతవరకూ ఎవరికీ పడలేదు. కాడి మీద పడగానే అక్క ఊరుకుంది. ఆ వయసుకు అన్నీ చూసి ఉంటుంది. అల్లుడు మాత్రం నాలుగు కాళ్లూ పాతుకుని నిలబడిపోయాడు. ఎద్దు మొరాయిస్తే మేమేం చేస్తాం? వెనక్కుపోయి తోక మెలిపెడతాం. నేనూ వెనక్కుపోయి తోక మెలిపెట్టాను.

తర్వాత కాసేపు ఏం జరిగిందో నేను చెప్పలేను. తెలివొచ్చేసరికి గోడౌను ముందు పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య ఉన్నాను. తొడ మీద గిట్ట అచ్చు లాడంతో సహా పడింది. అడిగినవాళ్లకు స్కూటరు గుద్దిందని చెప్పాను. మా ఇంటామె అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అల్లుడు తన్నినాడని చెప్పింది. ఆ మాట కుప్పం దాకా పోయి, అక్కడ పెళ్లికొడుకును నిలదీసినంత పని అయిందట.

అప్పుడు ఈ ఉలవల వ్యాపారే నాకు దారి చూపించాడు. పుంగనూరులో ఒక ఆయప్ప ఉన్నాడు, రెండు గుర్రాలను జోడు కుదిర్చి బండికి అలవాటు చేసేవాళ్లలో ఈ చుట్టుపక్కల మిగిలింది అతనొక్కడే, కాకపోతే నోరు మంచిది కాదు అన్నాడు. నోరు సంగతి నేను చూసుకుంటానని కుంటుకుంటూ బస్సెక్కాను.

ఊరి చివర ఇల్లు. ఇంటి వెనక కంప నాటిన దొడ్డి. నేను పోయేసరికి అరవై దాటిన మనిషి ఒకడు రొమ్ముకు తోలుపట్టెడ కట్టుకుని, పాత లారీ టైరు ఒకటి ఈడ్చుకుంటూ దొడ్డి చుట్టూ తిరుగుతున్నాడు. టైరు వెనక పొడవాటి పగ్గాలు రెండు చేతులా పట్టుకుని ఆయన భార్య నడుస్తోంది. బక్కపలచటి మనిషి. నన్ను చూసి తల ఆడించింది తప్ప పగ్గాలు వదల్లేదు. కొత్త పట్టెడ ఎక్కడ ఒరుసుకుంటుందో తన ఒంటి మీద చూసుకోకుండా ఆయప్ప దాన్ని గుర్రానికి కట్టడట. ఇది ఆమె తర్వాత చెప్పింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, నేను నమస్కారం పెడితే ఆ మనిషి ఆగలేదని.

"నడుస్తా మాట్లాడప్పా," అన్నాడు.

కుంటికాలితో ఆయన పక్కన నడుస్తూ నా కథంతా చెప్పాను. ఆమె పగ్గం లాగినప్పుడల్లా ఆయన మలుపు తిరిగాడు. నాకు పగ్గం లేదు కాబట్టి నేను కంపలోకి పోయాను. కాడి దగ్గరికి వచ్చేసరికి ఆయప్ప నడక మందగించింది. తోక దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయాడు. నన్ను కాదు, నా తొడను చూశాడు. తర్వాత మీసం చూశాడు. దట్టమైన మీసం, పోతే పెద్ద నష్టమే అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టు అని ఆయన భార్య నాకు తెలుగులోంచి తెలుగులోకి విడమరిచి చెప్పింది.

అలా ఆయప్ప అంగళ్లు అనే ఊరికి పోయే దారిలో ఉన్న మా గోడౌనుకు వచ్చి మకాం పెట్టాడు. వచ్చిన రోజే నా కాడిని చాలాసేపు చూశాడు. దాన్ని గోడకు ఆనించి, తన తడి తువ్వాలు దాని మీద ఆరేశాడు. ఉన్నన్నాళ్లూ ఆ కాడికి అదే ఉద్యోగం.

మనిషి పొట్టి. చొక్కా జేబులో ఎప్పుడూ బెల్లంగడ్డ. అందువల్ల ఆయప్ప ఎక్కడ నిలబడినా అక్కడ చీమలు మిగిలేవి. కుర్చీలు అద్దెకిచ్చే నా గోడౌనులో కుర్చీ మీద కూర్చోని మనిషి అతనొక్కడే. గుర్రం నిలబడి ఉన్నంతసేపూ తనూ నిలబడేవాడు. గుర్రాలతో కన్నడం మాట్లాడేవాడు, మనుషులతో తెలుగు, తిట్టాల్సి వస్తే తమిళం. మూడు రాష్ట్రాలు కలిసేచోట పుట్టినవాడికి ఇంత సదుపాయం ఉంటుంది. నాకు కన్నడం రాదనుకుని నా గురించి కూడా గుర్రాలకు ఏమేమో చెప్పేవాడు. మా శామియానాలు ముళబాగిలు దాకా పోతాయి, నాకు కన్నడం బాగానే వచ్చు. "ఈ ముదుకనిగె బుద్ధి ఇల్ల," అని అక్క చెవిలో చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. ఈ ముసలోడికి బుద్ధి లేదని అర్థం. అక్క తలాడించేది. నేను విననట్టు ఉండేవాణ్ణి. గుర్రాల ముందు గొడవపడితే ఏం బాగుంటుంది?

ఆయప్పను మహానుభావుణ్ణి చేయాలని నాకు లేదు. నా అంతటి కోతలరాయుడు. తన తాత మైసూరు దసరాలో జోడు గుర్రాల బండి తోలాడని మొదట చెప్పాడు. కొన్నాళ్లకు తాత పోయి మేనమామ వచ్చాడు. ఇంకొన్నాళ్లకు ఆ బండి మీద తనే కూర్చున్నాడు. దసరా మాత్రం మారలేదు. నేను మా నాయన ఎద్దుల గురించి ఒకటి చెబితే అతను దసరా గురించి ఇంకొకటి చెప్పేవాడు. ఒకడు రెండడుగులు ముందుకు వేస్తే రెండోవాడు మూడు వేసేవాడు. మా ఇంటామె కాఫీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు పెట్టి పోయేది. ఒకసారి మాత్రం, మీ ఇద్దర్నీ కట్టిన బండి యాడికి పోతాదో అంది.

పని మాత్రం కోతగాడి పనిలా ఉండేది కాదు. మొదట్లో బండి జోలికే పోలేదు. రెండింటినీ పక్కపక్కన ఒకే గుంజకు కట్టాడు. ఒకే తొట్టిలో ఉలవలు పెట్టాడు. అల్లుడు అక్క మెడ కొరికాడు, అక్క అల్లుడి ముట్టె మీద పండ్లు దించింది. ఆయప్ప మధ్యలో నిలబడి ఎవరి తరఫునా మాట్లాడకుండా చీమలు దులుపుకున్నాడు. ఎద్దుల్లో మాదిరే, అక్కకు ఎడమవైపు దాపట, అల్లుడికి కుడివైపు ఎలపట అని ఖాయం చేశాడు. నీళ్లకు పోయినా, ఎండకు నిలబడినా ఎవరి పక్క వాళ్లదే. ఒకరోజు నేను పొరపాటున అటుదిటు కట్టాను. ఆ రోజు నాకు తమిళం కూడా కొంత వచ్చింది.

రంగు చూసి మురిసిన నన్ను ఆయప్ప అడిగింది ఒక్కటే. తెలుపుకు తెలుపు చూశావు, అడుగుకు అడుగు చూశావా అని. చూడలేదు. అక్కది పొట్టి అడుగు, అల్లుడిది చాపుడు అడుగు. పక్కపక్కన నడిపిస్తే అల్లుడి మెడ ముందుకు పోయేది. మెడ ముందుకు పోగానే ఆయప్ప నిలబడిపోయేవాడు, రెండూ నిలబడేవి. రెండు ముట్టెలూ సమంగా ఉన్నంతసేపే నడక, నడిచినంతసేపే బెల్లం. చూసేవాళ్లకు అదేమీ పనిలా కనబడదు. ఒక ముసలాడు రెండు గుర్రాల మధ్య వాటి మెడల మీద చేతులు వేసుకుని, నా మీద చాడీలు చెబుతూ, నడుస్తూ ఆగుతూ ఉంటాడు. అంతే.

పెళ్లి దగ్గరపడుతోంది. బండికి రంగులు వేయించాను, పట్టుపరుపు వేయించాను. గుర్రాలు మాత్రం ఇంకా, బండికి బదులు ఆయప్ప కట్టిన చెట్టుమొద్దునే లాగుతున్నాయి. కుప్పం నుంచి పెళ్లికొడుకు తాత ఫోను చేసి, మీసానికి నూనె బాగా రాస్తున్నావా, గట్టిగా ఉంటే మంగలికి కష్టం అని పరామర్శించేవాడు. ఫోను పెట్టేసి నేను ఆయప్ప మీద పడేవాణ్ణి. ఎప్పుడు కడతావు, ఎన్నాళ్లీ మొద్దు అని.

"తొందరుంటే బస్సుకు పో అప్పా," అనేవాడు.

అన్నిటికీ అదే జవాబు. దాణా ఎప్పుడు పెడతావన్నా బస్సే, లాడాలు ఎప్పుడు కొట్టిస్తావన్నా బస్సే. ఒకరోజు నిజంగానే కోపమొచ్చి, నడవడం కూడా ఒక విద్యేనా, రెండింటినీ కట్టి నాలుగు తగిలిస్తే అవే పోతాయి అన్నాను. ఆయప్ప లోపలికి పోయి రెండు పట్టెడలు తెచ్చాడు. ఒకటి తన రొమ్ముకు కట్టుకున్నాడు. రెండోది నా రొమ్ముకు కట్టాడు.

"నువ్వు ఎలపట, నేను దాపట," అన్నాడు. తర్వాత మా ఇంటామెను పిలిచి బండి ఎక్కమన్నాడు.

ఆమె ఎక్కనంటుందని నేను ధైర్యంగా ఉన్నాను. కొంగు నడుముకు దోపుకుని ఎక్కింది. పగ్గాలు అందుకుంది. నాకు కళ్లెం పెట్టలేదు, అంతవరకు దయ. పగ్గాలు భుజాలకు కట్టాడు. ఆ పొద్దు ఆదివారమో ఏమో, అంగళ్లు కాలేజీ పిల్లలు మోటారుసైకిళ్ల మీద పోతూ ఆగిపోయారు. ఫోన్లు బయటికి తీశారు.

"నడు," అంది మా ఇంటామె.

నడిచాను. నా మగతనం చూపించాలని ఒక్క లాగు లాగి ముందుకు దూకాను. బండి బరువంతా నా రొమ్ము మీదే పడింది. పక్కన ఆయప్ప పట్టెడ వదులుగా వేలాడుతోంది. చేతులు ఊపుకుంటూ షికారు పోతున్నట్టు నడుస్తున్నాడు. ఇదేమి అన్యాయమంటే, ముందుకు పోయినోడే మోస్తాడు, నన్నెందుకు అంటావు అన్నాడు. సరే అని వెనక్కు తగ్గాను. బండి ముందువైపు మెలితిరిగి నొగ వచ్చి నా డొక్కలో పొడిచింది. పైనుంచి పగ్గం చెళ్లుమంది.

"ఆయప్ప అడుగు యిను," అంది మా ఇంటామె. "యిన్నేండ్లుగా యెవురి మాటా యినలేదు, అడుగన్నా యిను."

విన్నాను. ఆయప్ప చెప్పులు టైరు ముక్కతో చేసినవి, నేలను గీరుతాయి. గీరు, గీరు. దానికి నా అడుగు కలిపాను. కాసేపటికి ఏదో అయింది. బరువు పోలేదు, కానీ నాదని అనిపించలేదు. ఆయప్ప నా వైపు చూడకుండా, ఇప్పుడు అల్లుడికి నేర్పించేది ఇదే, రేపటికి వాడు మర్చిపోకుండా చూడమని రోజూ రాత్రి దేవుణ్ణి అడుక్కుంటాను అన్నాడు. అతని నోట దసరా లేకుండా వచ్చిన కొద్ది మాటల్లో అదొకటి. గోడౌను చుట్టూ తిరిగి వచ్చి ఆగేసరికి కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఇంటామె దిగుతూ, కష్టమేమీ లేదు, నలభై ఏండ్ల అలవాటేగా అంది.

ఇక మొదట చెప్పిన గొప్ప దగ్గరికి రావాలి. ఒంటిచేత్తో తోలాననడం అబద్ధం. నా రెండో చెయ్యి మీసం మీద లేదు. వీడియోలో పడనిచోట, సీటు పక్క ఇనుప కమ్మీని పట్టుకుని ఉంది. ఎంత గట్టిగానంటే మండపం దగ్గర వేళ్లు విడదీయడానికి మనిషి కావలసి వచ్చాడు. అంతటితో అయితే నేను ఇంతగా చెప్పను. మొదటి చేతిలో ఉన్న పగ్గాలు కూడా ఉత్తవే.

పెళ్లి ముందు రోజు ఆయప్ప తేల్చేశాడు. గుర్రాలు నేర్చుకున్నాయి, నువ్వు నేర్చుకోలేదు అన్నాడు. నిజమే. పగ్గం చేతికి రాగానే నాకు ఎద్దుల ముక్కుతాడు పట్టుకున్నట్టే ఉంటుంది, గుంజుతాను. గుంజితే అల్లుడు తల ఎగరేస్తాడు. నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటాను అంటే మీసం పోతుంది. నేనే తోలతానని కదా పందెం. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆయప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తోలేవాడి సీటు కింద దాణా సంచి పెట్టుకునే చోటు ఉంది. ముందు పూలతెర కడితే లోపల మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియదు. అసలు పగ్గాలు తెర కిందుగా లోపలికి పోతాయి. నాకు ఇంకో జత పగ్గాలు, బండి ముందుపలకకు మేకులు కొట్టినవి.

అలా బయలుదేరాం. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. వెనక పట్టుపరుపు మీద పెళ్లికొడుకు, ముందు తలపాగాతో నేను, నా కాళ్ల కింద పూలతెర వెనక ముడుచుకుని ఆయప్ప. బ్యాండువాళ్లు ముందు నడిచారు. పెళ్లికొడుకు తాత బండి పక్కనే నడుస్తూ, అల్లుడి కాళ్లకేసి, నా మీసానికేసి మార్చి మార్చి చూస్తున్నాడు.

కింద ఆయప్ప ఎంత నేర్పుగా తోలాడో నేను చెప్పాలి. మాట్లాడితే బయటికి వినబడుతుంది కాబట్టి నా మడమ మీద తట్టి సైగ చేసేవాడు. ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే ముందుకు అని నేను అర్థం చేసుకున్నాను. తట్టినప్పుడల్లా పైన నా ఉత్త పగ్గాలను దానికి తగినట్టు ఆడించాను. బెంగుళూరు బస్టాండు దగ్గర టమేటాల లారీ ఒకటి నిజంగానే ఆగి ఉంది. దానికి బ్రేకులు ఉన్నాయి. దాని పక్కనే మా వాళ్లు పటాసుల సరం అంటించారు.

అల్లుడి చెవులు నిటారుగా లేచాయి. ఒళ్లంతా తీగలా బిగిసింది. పెళ్లికొడుకు తాత రెండడుగులు వెనక్కు వేశాడు. నా కళ్ల ముందు సగం మీసం, కూలిన బండి, మనవరాలి ముఖం అన్నీ ఒకేసారి కనబడ్డాయి. అక్క ఆగలేదు. పొట్టి అడుగు, ఇంకో పొట్టి అడుగు. అల్లుడు మెడ పక్కకు వంచి అక్క మెడకు ఆనించాడు. ఆనించుకుని ఒక అడుగు వేశాడు. పొగలోంచి రెండు ముట్టెలూ సమంగా బయటికి వచ్చాయి. మడమ మీద రెండుసార్లు తట్టింది. ఆహా, ఏం చెయ్యి అనుకున్నాను. కళ్లు చెమర్చాయి. పొగ వల్లేనని ఆ రోజు చెప్పాను.

మండపం గుమ్మం ముందు బ్యాండువాళ్లు ఆగారు, వాళ్ల వెనకే బండి ఆగింది. జనం హారతి దగ్గరికి పోయాక తెర తొలగించాను. ఆయప్ప జుట్టంతా బంతిరేకులతో బయటికి వచ్చి, కళ్లు నులుముకుని అటూ ఇటూ చూశాడు.

"వచ్చేసినామా?" అన్నాడు.

ఎంత అణకువ అనుకున్నాను. పెళ్లికొడుకు తాత వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, ఒప్పుకున్నానప్పా అన్నాడు. పక్కనున్న ఆయప్ప ఎవరని అడిగితే గుర్రాలకు దాణా పెట్టే మనిషి అని చెప్పాను. ఆయప్ప విని, అవునని తలాడించి, బెల్లంగడ్డ కొరికి రెండు ముక్కలు చేసి గుర్రాలకు పెట్టాడు.

తర్వాత మా కొడుకు అంగడి చేతికి తీసుకుని పూలకార్లు కొన్నాడు. అక్కనూ అల్లుణ్ణీ విడదీసి అమ్మడానికి నాకు మనసు రాక, రెండింటినీ పుంగనూరు తోలించాను. ఆయప్ప ఎప్పుడైనా సంతకు వచ్చినప్పుడు ఇంటికి వచ్చేవాడు. కుర్చీలో కూర్చునేవాడు కాదు. నేను ఎవరికైనా ఆ మెరవణి కథ చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి వినేవాడు. కాదనేవాడు కాదు. మీసం కింద ఏదో దాచుకున్నట్టు నవ్వేవాడు. ఆ నవ్వుకు అర్థం, నా గుట్టు అతని దగ్గర ఉందని, దాన్ని ఎవరికీ చెప్పడని అనుకునేవాణ్ణి.

కుప్పం పెళ్లి నుంచి తిరిగి వచ్చిన మర్నాడే పుంగనూరు పోయాను. దొడ్డిలో అక్క, అల్లుడు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, ఎవరి పక్కన వాళ్లే. ఆయప్ప భార్య ఉలవలు చెరుగుతోంది. చాప వేసి కూర్చోమంది. ఎలా పోయాడని అడిగితే, పొద్దున దాణా పెట్టి వచ్చి, కాఫీ తాగి, గోడకు ఆనుకున్నవాడు మళ్లీ లేవలేదంది. ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఆ కథే. అందుకని జీవితంలో మొదటిసారి దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాను. లారీకి బ్రేకులు పెట్టి, కమ్మీని పట్టుకుని, ఉత్త పగ్గాలు ఒప్పుకుని. ఆ రోజు తోలింది నేను కాదమ్మా, నా మీసం నిలబెట్టడానికి దొంగలా సీటు కింద పడుకుని నీ మొగుడు తోలినాడు, పటాసుల్లో ఆ చెయ్యి చూడాల్సింది, ఎవరికీ చెప్పకుండా ఆ పేరంతా నాకే ఇచ్చి పోయినాడు అన్నాను.

ఆమె చేట ఆపి నన్ను చూసింది.

"ఆయప్ప యాడ తోలినాడప్పా," అంది. "నిద్రపోయినాడు."

నాకు అర్థం కాలేదు. మడమ మీద తట్టాడు కదా అన్నాను.

"తల తగిలుంటాది. బండి ఊగుతాది గదా. పూలవాసన, సల్లంగా ఉండె, అట్ట పండుకున్యాడో లేదో కన్ను మూతపడిందంట. పగ్గాలు సేతికి సుట్టుకోని నిద్రపోయినాడు. మండపం కాడ నువ్వు తెర తీసినంకనే లేసినాడు."

పటాసులు, అన్నాను.

"పటాసులు కాల్సినారా? ఆ సంగతి ఆయప్పకు తెలీదే." ఆమె మళ్లీ చేట అందుకుంది. "ఇంటికొచ్చి ఒకటే నవ్వు. నేను నిద్రపోయినా అవి పోయినాయే, అట్ట కుదిరినాయే జోడు అని. బతుకులో అంత గొప్ప ఇంకోటి జరగలేదన్యాడు. నీకు మాత్రం సెప్పొద్దన్యాడు. సెప్తే నువ్వు నిద్రపోయినట్టు సెప్పుకుంటావంట."

నేను దొడ్డి వైపు చూశాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, అయితే ఆ బండి ఎవరు తోలినట్టమ్మా అన్నాను.

"యెవురూ తోలలేదు," అంది. "నువ్వూ తోలలా, ఆయప్పా తోలలా. అవి రెండూ పోయినాయి, మీరిద్దరూ కూసోని పోయినారు."